ఇంజన్ ఆయిల్ తాగిన పెళ్ళి బండి

ఒరే అబ్బాయ్, ఆ కంది కట్టె ఇంకొంచెం లోపలికి తొయ్యి, పొగంతా నా కళ్ళలోకే వస్తా ఉంది. ఊఁ, ఇప్పుడు చెప్పు. షెడ్డులో ఉన్న అంబాసిడర్ బయటికి తీస్తానంటావా? తియ్యి, నేనొద్దన్లా. ఇంజన్ పలికింది గదా అని రోడ్డు మాత్రం ఎక్కించమాక. ఇంజన్ పలక్కపోతే బండి ఇంట్లోనే ఉంటది, ఎవరికీ నష్టం లేదు. బ్రేకు పలక్కపోతేనే తంటా.

మీకు మొన్నటిదాకా ఏ పనికైనా ఒంగోలు. మా చిన్నప్పుడు అట్టా కాదు. 1970లో ఒంగోలు జిల్లా కట్టిందాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోయే. కలెక్టరాఫీసు పనంటే నల్లమల దాటాల్సిందే. మీటరు గేజి రైలు ఉండేదిలే, కానీ దాని టయానికి మనం పోవాలి గానీ మన టయానికి అది రాదు. అందుకే పలకల వ్యాపారం చేసేవాళ్ళు, కాస్త కలిగినోళ్ళు కార్లు కొన్నారు. గిద్దలూరు దాటితే దిగువమెట్ట, ఆ పైన పచ్చర్ల అడివి, అవతల గాజులపల్లె దిగితే నంద్యాల. బ్రేకు సంగతి తేల్చాలంటే ఆ దారిని మించింది లేదు.

నేనప్పుడు మా మేస్త్రి దగ్గర పానాలు అందించే పిల్లోణ్ణి. ఒక మాఘమాసం మార్కాపురం నించి నంద్యాలకి పెళ్ళి కొడుకు బండి బయల్దేరింది. బండిగలాయన భయస్తుడు, దారిలో ఏమన్నా అయితే ఉండాలని మేస్త్రినీ, ఆయన వెంట నన్నూ వెనకొచ్చే వ్యానులో ఎక్కించినాడు. కంభం దాటేటప్పటికే కారు బరువుగా లాగతందని డ్రైవరు గొణిగినాడంట. గిద్దలూరు కూడా దాటి, దిగువమెట్ట కాడికి వచ్చేసరికి ముందు చక్రాల్లో పొగ. లైనరు కాలిన వాసన ఒక్కసారి చూస్తే మళ్ళీ మర్చిపోరు, ముక్కు లోపల అంటుకుంటది. పెళ్ళి కొడుకు బాసికంతో సహా రోడ్డు మీదికి దూకినాడు.

అందరూ బ్రేకు పోయిందన్నారు. మేస్త్రి పెడలు తొక్కి చూసి, "పోలేదు, పట్టుకోని వదల్లేదు" అన్నాడు. అదే విచిత్రం. ఆ ముందు రోజు రాత్రి బ్రేక్ ఆయిల్ తగ్గిందని డ్రైవరు ఇంజన్ ఆయిల్ పోసినాడు. ఆయిలేగా అనుకున్నాడు పాపం. బ్రేక్ ఆయిల్ వేరే జాతి రా. అది పోసే చోట ఇంజన్ ఆయిల్, డీజిలు, కిరసనాయిలు, ఏది తగిలినా లోపలి రబ్బరు ఉబ్బుద్ది. మాస్టర్ సిలిండర్లో కప్పు ఉబ్బి, ఆయిల్ వెనక్కి పోయే సన్నటి బెజ్జం మూసుకుపోయింది. తొక్కిన ఒత్తిడి తొక్కినట్టే లైన్లో నిలిచిపోయింది. కాలు తీసినా షూలు డ్రమ్ముని వదల్లా. మేస్త్రి చక్రం ఎనక దూరి బ్లీడర్ నిపిల్ వదులు చేసినాడు. చుయ్యిమని ఆయిల్ చిమ్మింది, చక్రం తిరిగింది. కానీ ఆ బ్రేకుతో కొండెక్కనిస్తాడా? పెళ్ళి కొడుకుని కట్టెల లారీలో ఎక్కించినాడు. ముహూర్తానికి అందుకున్నాడులే. ఆయన మనవళ్ళు ఇప్పుడు నీ ఈడు వాళ్ళు.

తర్వాత ఆరు వీల్ సిలిండర్లూ విప్పినాం. ఆరెందుకంటావా? ముందు చక్రానికి రెండు చొప్పున, షూకొకటి. వెనక చక్రానికి ఒకటే. రబ్బరన్న ముక్క ఒక్కటి ఉంచలేదు, రబ్బరు పైపులతో సహా మార్చినాం. నీ బండికి ఇంజన్ ఆయిల్ పొయ్యకపోయినా పని మాత్రం ఇంతే ఉంటది. ఏళ్ళ తరబడి నిలబడ్డ బండిలో బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీలుస్తా ఉంటది. డాట్ 3 ఆయిల్ కొత్తది 205 డిగ్రీల దాకా మరగదు. నీళ్ళు పట్టినాక 140కే మరిగి ఆవిరి కడద్ది. ఆవిరిని ఎంత తొక్కితే ఏం, పెడలు నేలకి పోద్ది. ఆ నీళ్ళే సిలిండర్ లోపల తుప్పు పట్టించేది.

డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదమాక. అడ్జస్టరు వదులు చేసి, చెక్క పెట్టి చుట్టూ తట్టు. లోపలి దుమ్ము మేం నోటితో ఊదేవాళ్ళం. లైనర్లో ఆస్‌బెస్టాస్ ఉంటదని, అది ఊపిరితిత్తులకి చేటని మాకెవరు చెప్పినారు? నువ్వు తడిగుడ్డతో తుడువు. స్ప్రింగు ఏది ఏ బెజ్జంలో ఉందో మా మేస్త్రి బలపంతో పలక మీద బొమ్మేసి గానీ విప్పేవాడు కాదు. మార్కాపురంలో పలకలకి కొదవా!

సిలిండర్లో పిస్టన్ తీసినాక లోపల గోరు ఆడించు. నున్నగా జారితే కొత్త కిట్టుతో సరిపోద్ది. గోటికి గుంట తగిలిందా, ఎమిరీ పేపరుతో రుద్దతా కూచోమాక, సిలిండరే మార్చు. గుంటల మీద కొత్త కప్పు వేస్తే నాలుగు రోజులు ఆగి మళ్ళీ కారుద్ది. కారింది లైనరు మీద పడితే ఆ పక్క చక్రం పట్టదు, బండి రెండో పక్కకి లాగుద్ది. కొండ మలుపులో అది ఏ పక్కో నువ్వే అనుకో. అందుకే ఒక పక్క మారిస్తే రెండో పక్కా మార్చాల. కప్పు వేసేటప్పుడు దాని అంచు ఆయిల్ వైపు ఉండాల, బ్రేక్ ఆయిల్తోనే తడిపి దూర్చాల.

ఇంక గాలి తీసేది. ఎడమ వెనక చక్రం అన్నిటికంటే దూరం, ఆడ మొదలుపెట్టు. లోపల ఒకడు కూచోని పంపు కొట్టాల, "పట్టుకో" అంటే తొక్కి పట్టాల, నువ్వు నిపిల్ వదిలి బిగించాల. వాడు నీ మాట వినకుండా కాలు తీసినాడనుకో, గాలి మళ్ళీ లోపలికే. మీ నాయనని కూచోబెట్టమాక, వాడికి అంత ఓపిక లేదు.

ఒకటి మరిచినా. ఆ ముందు చక్రాల బ్రేకు ముందుకి పోయేటప్పుడే గట్టిది. తిరిగే డ్రమ్ము రెండు షూలనీ తనవైపుకి లాక్కుంటది. బండి వెనక్కి జారితే ఆ లాగుడు ఉండదు, పట్టు తగ్గుద్ది. ఎక్కుడులో ఇంజన్ ఆగితే మేం ముందు దూకి వెనక చక్రానికి చెక్క పెట్టేవాళ్ళం. ఆ తుమ్మ చెక్క అటక మీద ఉంది, మీ జేజి పొయ్యిలో పెట్టకుండా దాచినా. పొద్దున్నే తీసి డిక్కీలో పడెయ్యి.