ఖర్చు, ఖరీదు: రెండు మాటల పూర్వకథ

మన సంఘం సర్వసభ్య సమావేశంలో కోశాధికారిగారు లేచి జమాఖర్చులు చదవడం అందరికీ అనుభవమే. సరిగ్గా అదే సమయానికి సగంమంది చాయ్ తాగడానికి బయటికి పోవడమూ అనుభవమే. వారిని మేము తప్పుపట్టము. ఖర్చు అనే మాటకు మూలార్థమే బయటికి పోవడం కదా!

అరబ్బీలో ఖే, రే, జీమ్ అక్షరాలు కలిసిన ధాతువుకు వెలుపలికి వెళ్ళుట అని అర్థం. అందులోంచి పుట్టిన ఖర్జ్ అనే మాట ఫార్సీ మీదుగా మన ఉర్దూలో ఖర్చ్ అయింది. అరబ్బీలో చకారం లేదు. అది దారిలో చేరినది. కోర్టులో దావా ఖారీజు అయిందంటే అదీ బయటికి పోయినట్టే. ఇక జమ అంటే ఒకచోట కూడుట. మనం రోజూ పలికే జుమా, జమాత్ దాని తోబుట్టువులే. ఈ సంగతి చెబితే మా పిల్లలు బహు ఆశ్చర్యపోతారు.

ఈ మాటలు తెలుగులోకి ఎలా వచ్చాయి? గోల్కొండను కుతుబ్‌షాహీలు 1518 నుంచి 1687 వరకు ఏలారు. దర్బారు భాష ఫార్సీ. ఊళ్ళో లెక్క రాసే కరణానిది తెలుగు. ఫర్మానాలు కొన్నింటిని రెండు భాషల్లోనూ రాయించారు. పైనుంచి వచ్చే హుకుం, కిందినుంచి పోయే శిస్తు రెండూ కరణం కలం మీదుగానే నడవాలి గనుక జమ, ఖర్చు, బాకీ, వసూలు, కిస్తు, రసీదు ఆయన కవిలెకట్టలోకి ఎక్కి, అక్కణ్ణుంచి రైతు నోట పడ్డాయి.

ఇక్కడొక విశేషం చెప్పాలి. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలోనే పొన్నగంటి తెలగన్న తత్సమాలు లేకుండా అచ్చ తెనుగులో 'యయాతి చరిత్ర' రాశాడు. అంకితం పుచ్చుకున్నది ఎవరనుకున్నారు? పటాన్‌చెరు అమీన్‌ఖాన్! కావ్యంలో అచ్చతెలుగు, కచేరీలో ఫార్సీ, రెండూ ఒకే రాజ్యంలో హాయిగా సాగాయి. ఎవరి మాట ఎవరిదని తగవులాడేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుండును.

1766 నాటికి కోస్తా సర్కారులు కుంఫిణీ చేతికి పోయినా కచేరీ మాటలు పోలేదు. బ్రౌన్ దొర 1854లో ఇలాంటి అన్యదేశ్యాలకు ప్రత్యేకంగా ఒక నిఘంటువే అచ్చువేయించాడు. హైదరాబాదులో 1880 దశకంలో ఫార్సీ స్థానాన్ని ఉర్దూ ఆక్రమించినా జమ జమే, ఖర్చు ఖర్చే. కరణాల ఉద్యోగాలు 1984లో రద్దయ్యాయి గాని వారి మాటలను ఎవరు రద్దు చేయగలరు? తెలుగులో వెచ్చం అన్న పాతమాట ఉంది, వ్యయం అన్న పుస్తకాల మాట ఉంది. అయినా ఇల్లాలు అడిగేది ఇంటిఖర్చే, కుర్రవాడు అడిగేది చేతిఖర్చే, ఆడపిల్ల తండ్రికి నిద్ర పట్టనివ్వనిది పెళ్ళిఖర్చే.

ఖరీదు కథ వేరు. పైకి ఖర్చుకు తమ్ముడిలా కనబడుతుంది గాని చుట్టరికం లేదు. ఫార్సీలో ఖరీదన్ అంటే కొనుట. ఉర్దూలో ఖరీద్ అంటే కొనుగోలు. ధరకు ఖీమత్ అంటాము. తెలుగులో మాత్రం ఖరీదు అంటే ధరే అయి కూర్చుంది. "చీర ఖరీదెంత?" అంటారు. ప్రియమైనదాన్ని ఖరీదైనది అంటారు. తెలంగాణలో, పాత దస్తావేజుల్లో "ఖరీదు చేసి" అనగా కొని అనే అర్థమూ నిలిచింది.

ఇది మేము పుస్తకం చూసి నేర్చుకోలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఏడో తరగతి పిల్లవాడొకడు ఉర్దూ వ్యాసంలో "ఇస్ కితాబ్ కీ ఖరీద్ దస్ రుపయే" అని రాశాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. మేము ఎర్రసిరాతో గీత గీయడమే కాక, తరగతికంతా చదివి వినిపించి నవ్వించాము. ఆ యేడాది పొడుగునా వాడు ఉర్దూలో మళ్ళీ నోరు విప్పలేదు. పిలిస్తే లేచి నిలబడి నేల చూసేవాడు. వాళ్ళ నాన్న ఒకసారి బడికి వచ్చి, "సాబ్, మా ఇంట్లో అందరం అట్లనే అంటామండీ, వాడు ఏం తప్పు రాసినాడు?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేకపోయింది. ఆ రాత్రే నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాము.

పిల్లవాడు తప్పు కల్పించలేదు. ఫార్సీనుంచి తెలుగువారు తీసుకుని, తమ వాడుకలో అర్థం మార్చుకున్న మాటను తిరిగి ఉర్దూకు అప్పజెప్పాడు, అంతే. మాట మాత్రం వెళ్ళిన అర్థంతో తిరిగి రాలేదు.

ఉర్దూ పరీక్షలో అది తప్పే, మార్కు తగ్గించక తప్పదు. ఇప్పుడూ తగ్గిస్తున్నాము. అయితే గీత గీసే ముందు పిల్లవాణ్ణి బల్ల దగ్గరికి పిలిచి, ఆ మాట గోల్కొండ కచేరీనుంచి వాడి నోటిదాకా ఎలా నడిచి వచ్చిందో చెప్పి, అప్పుడు ఖీమత్ అని రాయిస్తున్నాము.