‘తొండి’ తెలిసిన పిల్లలకు హక్కులు నేర్పడం కష్టమా?

ఐదేళ్ల పాపకు ‘బాలల హక్కులు’ అంటే ఏమీ అర్థం కాదు. ఆటలో తన వంతు ఇవ్వకపోతే మాత్రం ‘తొండి!’ అని అరుస్తుంది. మీరు పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. నిజానికి ఆడుకోవడమూ హక్కే. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒప్పందంలో 31వ అధికరణ ఈ మాటే చెబుతోంది. భారత్ 1992లో ఆ ఒప్పందంలో చేరింది.

ముందు ఒక నంబరు నేర్పండి. ఆపదలో ఉన్న పిల్లల కోసం పనిచేసే హెల్ప్‌లైన్ 1098. ఉచితం, 24 గంటలూ ఉంటుంది. పిల్లల తరఫున పెద్దవాళ్లూ చేయొచ్చు. ‘వెయ్యి తొంభై ఎనిమిది’ అంటే చిన్నారులకు గుర్తుండదు. ‘పది, తొమ్మిది, ఎనిమిది’ అని వెనక్కి లెక్కపెట్టించండి. తొక్కుడుబిళ్ల గడుల్లో ఆ అంకెలే వేసి గెంతించండి. తర్వాత అట్టముక్కపై ఫోన్ మీటలు గీసి 1, 0, 9, 8 నొక్కించండి. ఓడినవారికి సరదాకైనా గుంజీళ్లు వద్దు. బడిలో శారీరక శిక్షను విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ‘ఆగు’ ఆట. మీరు మెల్లగా బిడ్డ వైపు నడవాలి. ఇక చాలనిపించిన చోట బిడ్డ చెయ్యెత్తి ‘ఆగు’ అనాలి. మీరు అక్కడే ఆగిపోవాలి. ఒక్క అడుగు కూడా ఎక్కువ వేయొద్దు. తన ఒంటి మీద తన మాటే చెల్లుతుందని బిడ్డకు తెలిసేది ఇలాగే. తీరా సాయంత్రం ఇంటికొచ్చిన చుట్టాన్ని చూపించి ‘మావయ్యకు ముద్దు పెట్టు’ అని బలవంతం చేస్తే, పొద్దున ఆడిన ఆటంతా వృథా.

ఇలాంటి ఆటల మధ్యలో కొందరు పిల్లలు ఉన్నట్టుండి ఏదో చెప్పేస్తారు. ‘ఆ అంకుల్ ఆగమన్నా ఆగలేదు’ అన్నారనుకోండి. కంగారుపడొద్దు, అందరి ముందు గుచ్చిగుచ్చి అడగొద్దు. ‘చెప్పి మంచి పని చేశావు’ అనండి. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగొచ్చన్న అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటోంది. టీచరైనా, తల్లిదండ్రులైనా సరే, పరువు పోతుందని దాచిపెట్టే వీల్లేదు. ఏం చేయాలో తోచకపోతే 1098కి ఫోన్ చేయండి. బిడ్డ పేరు, ఫొటో మీడియాకు ఇవ్వొద్దు, వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టొద్దు.