అలకు హద్దు గీసిన వెర్మాంట్

అమెరికా సరస్సులలో పడవల నియమాలకు చాలాకాలం పాటు వేగమూ, తీరం నుండి ఉండవలసిన దూరమూ కొలమానాలుగా ఉండేవి. వెర్మాంట్ రాష్ట్రంలో తీరానికి 200 అడుగుల లోపల మోటారు పడవ గంటకు 5 మైళ్లు మించకుండా, అల లేపకుండా సాగాలన్న నిబంధన అటువంటిదే. 1922లో మిన్నెసోటాలోని పెపిన్ సరస్సుపై రాల్ఫ్ శామ్యూల్సన్ ఆరంభించిన వాటర్ స్కీయింగ్‌లో పడవ వేగంగా సాగాలి, వెనుక లేచే అల చిన్నదిగా ఉండాలి కనుక, ఆ ఆటకు ఈ కొలతలు చాలావరకు సరిపోయాయి.

వేక్ సర్ఫింగ్ ఈ లెక్కను తలకిందులు చేసింది. ఇందులో ఆటగాడు తాడు వదిలేసి, పడవ వెనుక లేచే అల మీదనే పలకపై నిలిచి సాగుతాడు. అందుకోసం తయారైన వేక్ బోటు, తనలోని బ్యాలస్ట్ తొట్లను, అనగా బరువు పెంచేందుకు అమర్చిన తొట్లను, సరస్సు నీటితో నింపుకొని వెనుక భాగాన్ని లోతుగా ముంచి, గంటకు 10–12 మైళ్ల నెమ్మది వేగంతోనే పెద్ద అలను పుట్టిస్తుంది. అల ఎత్తు రెట్టింపైతే దాని శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ శక్తి ఒడ్డును కోస్తుంది, ప్రొపెల్లర్ కిందికి నెట్టే నీరు లోతు తక్కువైన చోట అడుగు బురదను కదిలించి, అందులోని భాస్వరాన్ని పైకి తెచ్చి నాచు పెరుగుదలకు దోహదం చేస్తుంది.

సర్ఫింగ్ వేగంతో నడిచే ఈ పడవల అలలు, సాధారణ పడవల అలలు 200 అడుగుల దూరంలో ఉండే స్థాయికి తగ్గాలంటే 500 అడుగులకు పైగా ప్రయాణించాలని 2022లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ అధ్యయనం తేల్చింది. అదే సంవత్సరం వెర్మాంట్ పౌరులు 1,000 అడుగుల దూరం కోరుతూ ప్రభుత్వానికి వినతిపత్రం సమర్పించగా, 2024 ఏప్రిల్ 15 నుండి అమలైన నియమం 500 అడుగుల వద్ద నిలిచింది. తీరానికి అంత దూరాన, కనీసం 20 అడుగుల లోతుతో, 200 అడుగుల వెడల్పుతో, ఎడతెగని 50 ఎకరాల జలభాగం ఉన్న సరస్సులలోనే ఈ ఆటకు అనుమతి లభించింది. తొట్లలో మిగిలిన నీటితో జీబ్రా మస్సెల్ అనే ఆల్చిప్ప జాతి పిల్లలు, పరాయి నీటిమొక్కల తునకలు వేరే సరస్సుకు చేరే ప్రమాదం ఉన్నందున, ప్రతి వేక్ బోటుకూ ఒక సొంత సరస్సును నిర్ణయించుకోవాలనీ, మరో సరస్సులోకి దింపే ముందు శుద్ధి చేయించాలనీ ఆ నియమం విధించింది.

విస్కాన్సిన్‌లో ఇటువంటి నిర్ణయాలను అనేక చోట్ల స్థానిక పట్టణ సభలే తీసుకోగా, వెర్మాంట్ రాష్ట్రమంతటికీ ఒకే కొలత నిర్ణయించింది. సరస్సు ఉమ్మడి ఆస్తి. దానిపై ఆటను నిషేధించకుండా, దాని ప్రభావాన్ని లోతుతోనూ దూరంతోనూ కొలిచి హద్దు గీయడమే న్యాయమైన పద్ధతి.