మూర్ఛలో మారే మెదడు అల్లిక

మెదడులో ఒకచోటి నాడీకణాలు ఒక్కసారిగా, అదుపు లేకుండా విద్యుత్ సంకేతాలు వెలువరిస్తే ఫిట్స్ వస్తాయి. 1870లలో లండన్ వైద్యుడు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ చెప్పిన ఈ మాట ఇప్పటికీ నిలిచి ఉంది. ఫిట్స్ పదేపదే వచ్చే స్వభావం మెదడులో స్థిరపడితే అది మూర్ఛవ్యాధి. అది ఎలా స్థిరపడుతుంది, వచ్చిపోయిన ఫిట్ నాడీ సంబంధాలను మార్చి పోతుందా అన్న ప్రశ్న 140 ఏళ్లకు పైగా వైద్యులను వెంటాడుతోంది.

1880లో జర్మనీకి చెందిన విల్హెల్మ్ సొమర్, మూర్ఛరోగుల మెదళ్లలో హిప్పోకాంపస్ అనే జ్ఞాపకాల భాగంలో కణాలు నశించి ఉండటాన్ని వివరించాడు. మరుసటి ఏడాదే లండన్ వైద్యుడు విలియం గవర్స్, ఒక ఫిట్ తర్వాతి ఫిట్‌కు దారి వేస్తుందని రాశాడు. రోగులను ఏళ్ల తరబడి చూసిన అనుభవంతో అన్న మాట అది. దానికి ప్రయోగబలం 1967లో వచ్చింది. కెనడాలో పనిచేస్తున్న గ్రాహం గొడార్డ్ ఎలుకల మెదడులోకి రోజూ కొద్దిపాటి విద్యుత్తు పంపాడు. మొదట్లో వాటికి ఏమీ కాలేదు. కొన్నాళ్లకు అంతే విద్యుత్తుతో పూర్తిస్థాయి ఫిట్స్ వచ్చాయి. మధ్యలో వారాలపాటు ఆపినా ఆ గుణం పోలేదు. 'కిండ్లింగ్' అని పేరుపడిన ఈ ప్రయోగంతో, పైకి కనిపించే గాయమేదీ లేకుండానే మెదడు మారగలదని తేలింది.

ఆ మార్పు కంటికి కనిపించింది 1980లలో. హిప్పోకాంపస్‌లోని గ్రాన్యూల్ కణాల నుంచి మాసీ ఫైబర్లనే సన్నని తంతువులు బయలుదేరి ముందున్న కణాలను చేరతాయి. వాటి కొసల్లో జింక్ ఎక్కువ కాబట్టి టిమ్ అనే రంగు వేస్తే నల్లగా తేలతాయి. దీర్ఘమైన ఫిట్స్‌లో చుట్టుపక్కల కణాలు చనిపోయాక ఈ తంతువులు కొత్త కొమ్మలు వేసి వెనక్కి మళ్లి, తమ సాటి గ్రాన్యూల్ కణాలతోనే సంధి కలుపుకుంటాయి. ముందుకు పోవాల్సిన ఉత్తేజం తిరిగి అక్కడికే వస్తుంది. 1985లో టాక్, నాడ్లర్ అనే పరిశోధకులు దీన్ని ఎలుకల్లో చూపారు. 1989లో థామస్ సుతులా బృందం, శస్త్రచికిత్సలో తీసిన మనుషుల హిప్పోకాంపస్‌లోనూ ఇదే అల్లిక ఉందని ప్రకటించింది. నాడీతంతువుల పైపొర అయిన మైలిన్ కూడా ఫిట్స్ వల్ల, అవి సాగే నాడీ వలయంలోనే అతిగా పెరిగి జబ్బు ముదిరేలా చేస్తుందని 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎలుకల్లో గుర్తించారు.

ఈ చరిత్రలో తెలుగువారి ఇళ్లకు బాగా దగ్గరగా వచ్చేది తలస్నానం. వేడినీళ్లు చెంబులతో గబగబా నెత్తిన పోసుకుంటున్నప్పుడే కొందరికి ఫిట్స్ వస్తాయి. దీన్ని తొలిసారి 1945లో న్యూజిలాండ్‌లో నమోదు చేసినా, ఎక్కువగా కనిపించింది దక్షిణ భారతంలోనే. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో పి. సతీశ్‌చంద్ర బృందం 1988లో 279 మంది వివరాలు ప్రచురించింది. పిల్లల్లో, అందులోనూ మగపిల్లల్లో ఎక్కువ. వారిలో కొందరికి కొన్నేళ్ల తర్వాత స్నానంతో సంబంధం లేకుండానే ఫిట్స్ మొదలవుతాయి. వేడినీళ్లే కిండ్లింగ్ చేస్తున్నాయా? నిమ్‌హాన్స్ వారు ఎలుకల మీద పదేపదే వేడినీళ్లు పోసి చూశారు. ఫిట్స్ పోనుపోను ముదిరాయి, హిప్పోకాంపస్‌లో మాసీ ఫైబర్లు కొత్త కొమ్మలు వేశాయి. 2006లో వెలువడిన ఈ పరిశోధనకు దక్కాల్సినంత పేరు దక్కలేదు. మన స్నానాల గదిలోంచి పుట్టిన ప్రశ్నను ప్రయోగశాల దాకా తీసుకెళ్లిన పని అది. ఈ రోగులకు వైద్యులు చెప్పే జాగ్రత్త కూడా సులువైనదే: గోరువెచ్చని నీళ్లు వాడటం, అవసరమైతే తలస్నానానికి ముందు క్లోబజామ్ మాత్ర వేసుకోవడం.

అయితే కొత్త అల్లికే జబ్బుకు మూలమని తేల్చలేం. 2011లో బక్‌మాస్టర్ బృందం ర్యాపమైసిన్ మందుతో చిట్టెలుకల్లో ఆ కొమ్మలను చాలావరకు అణచింది, ఫిట్స్ మాత్రం తగ్గలేదు. తొలి ఫిట్స్‌ను ఆపితే మూర్ఛ ఆగుతుందనీ చెప్పలేం. తలకు గాయమైనవారికి ముందుగానే ఫిట్స్ మందు ఫెనిటాయిన్ ఇస్తే మొదటి వారంలో ఫిట్స్ తగ్గాయి గాని తర్వాత మూర్ఛ రావడం ఆగలేదని 1990లో తేలింది. తొలి ఫిట్స్ తర్వాత వెంటనే మందు మొదలుపెట్టినవారు, కొంతకాలం ఆగినవారు దీర్ఘకాలంలో ఒకేలా కోలుకున్నారని 2005లో వెలువడిన మెస్ అనే పరిశీలన చూపింది. గవర్స్ మాట అందరికీ వర్తించదు. ఒక్క ఫిట్‌తో పిల్లవాడి మెదడు పాడైపోయిందని తల్లిదండ్రులు కుమిలిపోనక్కర్లేదు.

ఆగకుండా కొనసాగే ఫిట్ సంగతి వేరు. కణాలు చనిపోవడం, తంతువులు దారి మళ్లడం ప్రయోగాల్లో బలంగా కనిపించింది అలాంటి ఫిట్స్ తర్వాతే. తెలంగాణలోని స్టేషన్ ఘన్‌పూర్ వంటి ఊళ్లలో ఈ తేడా తెలియడం చాలా అవసరం. చేతిలో తాళంచెవులు పెడితే ఆగిందనుకునే ఫిట్ చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగేదే. 5 నిమిషాలు దాటితే మాత్రం అత్యవసరం: మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, దగ్గరి ఆసుపత్రికి, అక్కడి నుంచి అవసరమైతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తరలించాలి.

తగిన మందులు రెండు వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా 2010 నుంచి లెక్కిస్తున్నారు. అలాంటివారిలో కొందరికి పాడైన అల్లిక ఉన్న భాగాన్నే తొలగించవచ్చు. మన దేశంలో ఈ శస్త్రచికిత్సను 1952లో వెల్లూరులో జాకబ్ చాందీ మొదలుపెట్టారు. 2001లో వెలువడిన కెనడా పరిశీలనలో 80 మంది పాల్గొన్నారు. ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేకుండా ఉన్నవారు శస్త్రచికిత్స వైపు 58 శాతం, మందుల వైపు 8 శాతం. ఘన్‌పూర్ స్టేషన్ ఉన్న కాజీపేట–సికింద్రాబాద్ రైలుమార్గం చివర, సికింద్రాబాద్‌ కిమ్స్ ఆసుపత్రిలో ఈ శస్త్రచికిత్స చేస్తున్నారు.