స్కానర్ తగిలించగానే...

1998 ఏప్రిల్ 20. షికాగోలో కామ్‌డెక్స్ కంప్యూటర్ల ప్రదర్శన. వేదిక మీద బిల్ గేట్స్, ఆయనతోపాటు మైక్రోసాఫ్ట్ ఉద్యోగి క్రిస్ కపొసెల్లా. విండోస్ 98 మార్కెట్లోకి రావడానికి ఇంకా రెండు నెలలుంది.

కొత్త విండోస్‌కు ఏ పరికరం తగిలించినా అదే పోల్చుకుంటుందని, కావాల్సిన డ్రైవర్‌ను అదే ఎక్కించుకుంటుందని కపొసెల్లా చెబుతున్నారు. అప్పట్లో ఇది చిన్న మాట కాదు. స్కానర్ కొంటే చాలాసార్లు క్యాబినెట్ మూత విప్పి కార్డు బిగించుకోవాల్సి వచ్చేది. ఆయన మాట్లాడుతూనే స్కానర్‌ను యూఎస్‌బీ పోర్టుకు తగిలించారు. కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టి డ్రైవర్‌ను ఎక్కించుకోబోయింది. అంతలో పెద్ద తెర మొత్తం నీలం. దాని మీద తెల్లటి అక్షరాలు. విండోస్ కుప్పకూలిందన్నమాట.

హాలంతా ఘొల్లున నవ్వింది, చప్పట్లు మోగాయి. విండోస్ 98ను ఇంకా విడుదల చేయకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుందని గేట్స్ అనేసరికి నవ్వులు రెట్టింపయ్యాయి.

నవ్వుల సంగతి అలా ఉంచితే, బల్ల మీది ఒక పరికరం మొత్తం కంప్యూటర్‌ను ఎలా పడగొట్టగలిగింది? డ్రైవర్ అంటే పరికరానికీ విండోస్‌కీ మధ్య దుబాసీ. మామూలు ప్రోగ్రాం చెడితే అదొక్కటే మూతపడుతుంది. డ్రైవర్లలో చాలావాటి పని మాత్రం కెర్నెల్‌లో, అంటే విండోస్ గుండెకాయలో. అక్కడ మెమరీలో తనది కాని చోట చెయ్యి పెడితే మొత్తం ఆగిపోతుంది. కరెంటు గొడవ వేరే ఉంది. పాత యూఎస్‌బీ పోర్టు ఒక పరికరానికి ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపుల వరకే. అంతకు మించి లాగే పరికరం తగిలిస్తే పోర్టు మొరాయిస్తుంది.

ఇలాంటి తప్పులను ముందే పట్టుకోవడానికి విండోస్ 2000 తయారయ్యే రోజుల్లో యూఎస్‌బీ బృందం ఒక తోపుడుబండి కట్టిందని మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ రాశారు. దాని నిండా ఒక పోర్టును చాలా పోర్టులుగా చేసే హబ్‌లు, ప్రతి హబ్ నిండా పరికరాలు. ముందు హెడ్‌లైట్లలా రెండు కెమెరాలు, వెనక ఒక గేమింగ్ స్టీరింగ్. అన్నీ కలిసి ఒకే కేబుల్‌గా బయటికొస్తాయి. దాన్ని కంప్యూటర్‌కు గుచ్చుతారు, అన్నీ లేచాయో లేదో చూస్తారు, ఠక్కున పీకేస్తారు. అప్పుడూ కంప్యూటర్ నిలబడాలి. తప్పును ఇంత ఓపికగా వెతికినవాళ్లంటే నాకు నిజంగా గౌరవం.

అయినా ఈ జబ్బు పూర్తిగా పోలేదు. 2016 ఆగస్టులో విండోస్ 10 వార్షికోత్సవ అప్‌డేట్ తర్వాత ఈ-పుస్తకాలు చదివే కిండిల్ తగిలిస్తే కొన్ని కంప్యూటర్లు నీలం తెర వేశాయి. దానికి మైక్రోసాఫ్ట్ సవరణ ఇవ్వాల్సి వచ్చింది.

మన ఇళ్లలో ఇది ఎక్కువగా ఆన్ చేసినప్పుడే బయటపడుతుంది, ఎందుకంటే తగిలించి ఉన్నవాటి డ్రైవర్లన్నీ అప్పుడే లేస్తాయి. కంప్యూటర్ లోగో దగ్గర ఆగిపోతుంది, లేదా మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. రిపేరు షాపుకు తీసుకెళ్తే, ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అనే మాట వినిపిస్తుంది. దయచేసి అప్పుడే ఒప్పుకోకండి. పిల్లల ఫొటోలు, దుకాణం లెక్కలు అందులోనే ఉంటాయి, ఫార్మాట్ చేస్తే అవి పోతాయి.

ముందు పవర్ ఆపి ప్రింటర్, పెన్‌డ్రైవ్, వెబ్‌క్యామ్, హబ్, అన్నీ పీకేయండి. మానిటర్, కీబోర్డు, మౌస్ చాలు. పెన్‌డ్రైవ్‌ను మరిచిపోవద్దు. కొన్ని కంప్యూటర్లు విండోస్‌ను అందులో వెతుకుతూ అక్కడే ఆగిపోతాయి. ఇప్పుడు ఆన్ చేస్తే లేచిందా? అయితే ఒక్కొక్కటే తగిలించి, ప్రతిసారీ రీస్టార్ట్ చేయండి. రెండేసి తగిలించారో, పడగొట్టింది ఏదో తేలదు. దొంగ దొరికాక దాని పాత డ్రైవర్‌ను డివైస్ మేనేజర్‌లో తీసేసి, తయారీదారు ఇచ్చిన కొత్తది వేయండి. కేబుల్, పోర్టు మార్చి చూడండి. కరెంటు ఎక్కువ లాగేదైతే సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడండి.

అప్పటికీ తేలకపోతే ఆ పరికరాన్ని పక్కింటి కంప్యూటర్‌కు తగిలించండి. అక్కడా ఇదే గొడవైతే మార్చాల్సింది పరికరాన్ని. అక్కడ బాగుంటే వెతకాల్సింది మన కంప్యూటర్‌లోని డ్రైవర్లో, పోర్టులో.