పణానికి మూడు కోళ్ళు

ఉదయగిరి దుర్గం ఆకలికి తప్ప లొంగేది కాదని రాసినవాడు మన నెల్లూరు మెట్ట ప్రాంతం మనిషి కాదు. ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు. 1535 నుంచి 1537 దాకా, అచ్యుతదేవరాయల ఏలుబడిలో, విజయనగరంలో ఉన్నాడు. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరిని ఒడిశా గజపతి రాజుల చేతిలోంచి గుంజుకుని అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. జనం చెప్పుకునేది విని నూనిజ్ రాసిపెట్టాడు. కోటలో 10,000 కాల్బలం, 400 గుర్రాలు. కింద రాయల పక్షాన 34,000 కాల్బలం, 800 ఏనుగులు. పైకి ఉన్నది ఒకటే దారి, అదీ ఒకరి వెనక ఒకరు నడవాల్సినంత ఇరుకు. రాయలు బండలు పగలగొట్టించి కొత్త దారులు వేయించుకుని, ఏడాదిన్నర ముట్టడించి, 1514లో కోట పట్టాడు.

ఈ కథ ఉదయగిరి, ఆత్మకూరు వైపు పెద్దలకు తెలిసిందే. ముట్టడి కథ రాసిన ఆ కలమే విజయనగరం అంగళ్ళలో తిరిగి గొర్రెల ధర కూడా రాసిందన్న సంగతి మాత్రం అంతగా ఎవరూ చెప్పుకోరు. నాకు ముట్టడి కన్నా ఆ పేజీలే విలువైనవి.

నూనిజ్‌కి పదిహేనేళ్ళ ముందు, సుమారు 1520లో, దొమింగో పాయెస్ అనే మరో పోర్చుగీసువాడు అక్కడికి వచ్చాడు. రాయలను కళ్ళారా చూశాడు, ఆయన రూపం రాశాడు. అక్కడితో ఆగకుండా బజారుకు పోయాడు. బియ్యం, జొన్నలు, పెసలు, ఉలవలు, చిక్కుడు జాతి గింజలు రాశులుగా ఉన్నాయన్నాడు. లోకంలో తిండికి ఇంత కొరత లేని నగరం మరొకటి లేదన్నాడు. గోధుమలున్నా ముస్లింలు తప్ప వేరేవాళ్ళు తినరని గమనించాడు. ఉలవలు మనుషులకే కాదు, గుర్రాలకూ మేతేనని తెలుసుకున్నాడు. రోజూ నగరంలోకి వచ్చే నిమ్మకాయల బరువులు, తీపి నారింజలు, పుల్ల నారింజలు, వంకాయలు చూసి దిమ్మెరపోయాడు. వీధుల్లో బరువులు మోసే ఎద్దులు ఎన్నంటే, మనిషి నడవడానికి సందు దొరకదన్నాడు. సాయంత్రాల్లో జరిగే సంతలో తట్టు గుర్రాల పక్కనే ద్రాక్షపండ్లు, నిమ్మపండ్లు, వంటచెరకు అమ్ముతున్నారని కూడా రాశాడు.

ఇక పాయెస్ రాసిన ధరలు. పణం, వరహా ఆనాటి నాణేలు. నగరంలో పణానికి మూడు కోళ్ళు, నగరం దాటితే నాలుగు. పణానికి మూడు ద్రాక్ష గుత్తులు, లేదా పది దానిమ్మపండ్లు. పంది ఖరీదు నాలుగైదు పణాలు. నూనిజ్ ఇంకో లెక్క చెప్పాడు: నగరంలో వరహాకు పన్నెండు గొర్రెలు, కొండ పల్లెల్లో అయితే పద్నాలుగో పదిహేనో.

ఈ లెక్కల దగ్గర కాసేపు ఆగాలి. ఆనాడు వరహాకు పది పణాలు. అంటే ఒక గొర్రె పణానికన్నా తక్కువకే వస్తుంది. పణానికి మూడు కోళ్ళు అన్న పాయెస్ మాట దీని పక్కన పెడితే, రెండు మూడు కోళ్ళు ఇస్తే ఒక గొర్రె. దేశంలోకెల్లా ఎత్తైన గొర్రె జాతి మన నెల్లూరుది. వెలికొండల కింద దాన్ని మేపే కాపరి ఎవరైనా ఈ ధర వింటే నమ్మడు. ఈనాడు గొర్రె కొనే డబ్బుకు గంపల కొద్దీ కోళ్ళు వస్తాయి. బీళ్ళు, అడవి ఎవరి కట్టుబాటూ లేకుండా మేతకు తెరిచి ఉన్న రోజుల్లో గొర్రెను పెంచడానికి ఖర్చేమీ ఉండదు. అందుకే ఆ చౌక అని నేననుకుంటాను. కొండల్లో వరహాకు పదిహేను వచ్చేవి నగరంలో పన్నెండే ఎందుకయ్యాయో కూడా ఈ అంకెలను బట్టి ఊహించవచ్చు. మంద తోలుకొచ్చిన మనిషి కూలి, దారి సుంకాలు, నడుమ వ్యాపారి లాభం అన్నీ కలిసి ఆ మూడు గొర్రెలు అయి ఉండాలి. ఐదు వందల ఏళ్ళ కిందటి కాపరి బేరం గురించి ఇంతకన్నా సూటిగా చెప్పే కాగితం నాకు కనబడలేదు.

వేటమాంసం విషయంలో నూనిజ్ ఒక కట్టడి చెప్పాడు: కొనేది ఏమిటో కొనేవాడికి తెలియాలని, జంతువులనూ పక్షులనూ ప్రాణంతోనే అమ్మాలట. కంజులు, కుందేళ్ళు, పావురాలు, పిచ్చుకలు ఆ జాబితాలో ఉన్నాయి. ఎలుకలు, పిల్లులు, బల్లులు కూడా ఉన్నాయి. వాటిని చూసి ముఖం చిట్లించుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఎవరేం తింటారో దాచకుండా రాసినందుకే అతని మిగతా జాబితాను కూడా మనం నమ్మగలం.

ఆ జాబితాల్లో లేనివి కూడా చూడాలి. ఇద్దరూ ఇన్ని పేర్లు రాశారు గానీ మిరపకాయ ఊసెత్తలేదు. టమాటా లేదు, వేరుశనగ లేదు, ఆలుగడ్డ లేదు. ఇవన్నీ అమెరికా ఖండాల పంటలు. మిరపను మన తీరానికి తెచ్చింది ఈ పోర్చుగీసువాళ్ళే. ఉదయగిరి కోట కింద దిగిన సైన్యం తిన్న కూరల్లో కారం ఉందంటే అది మిరియాలదే అయి ఉండాలి. రాయలవారి ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడనే భక్తుడు అతిథులకు పెట్టే చలికాలపు భోజనంలో కూడా మిరియాల పొడే వేసిన కూరలు. వానాకాలానికి ఒలిచిన పప్పు, వడియాలు, వరుగులు, పెరుగు. వేసవికి చెరకు రసం, కొబ్బరి నీళ్ళు, నీరు మజ్జిగ. ఇంట్లో విస్తరిలో ఏముందో రాజే మనకు చెప్పాడు. ఆ సరుకు అంగట్లో ఎంత పలికిందో పరదేశులు చెప్పారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే ఆ కాలపు వంటిల్లు కనిపిస్తుంది.

ఉదయగిరి ముట్టడిలో ఆ సైన్యం ఏడాదిన్నర ఎలా తిన్నది? దానికి నేరుగా జవాబు లేదు గానీ దగ్గరి జవాబు నూనిజ్ దగ్గరే ఉంది. 1520 నాటి రాయచూరు యుద్ధంలో రాయల దండు విడిది గురించి అతను రాశాడు. ఒక్కో దండనాయకుడి విడిదికి ఒక్కో బజారు. గొర్రెలు, మేకలు, పందులు, కోళ్ళు, కుందేళ్ళు, రకరకాల బియ్యం, జొన్నలు, పెసలు అన్నీ దొరుకుతాయి. విజయనగరంలోనే ఉన్నామా అనిపిస్తుంది అన్నాడు. వర్తకులు దండు వెంటే కదిలేవారన్నమాట. ఉదయగిరి కింద కూడా అలాంటి అంగళ్ళే ఆ వేలమందికి అన్నం పెట్టి ఉండాలి. పెన్న వెలికొండలను చీల్చుకుని దిగే సోమశిల వైపు నుంచీ, కింది మాగాణి వైపు నుంచీ ధాన్యం వచ్చి ఉంటుందని ఆ చోటు చూసినవాళ్ళకు తోస్తుంది.

కోట గెలిచాక రాయలు ఉదయగిరి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకుపోయి, హంపిలో గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. అక్కడి శాసనం ఆ సంగతి చెబుతుంది. ఆ గుడి ఎదురుగా రెండు వైపులా రాతి స్తంభాల వరసలతో పెద్ద బజారు వీధి ఉంది. పేరు కృష్ణ బజారు. గుడి ప్రాకారంలో గుమ్మటాలున్న కట్టడాన్ని ధాన్యాగారం అంటారు. అలా మన ఊరి దేవుడు ఒక అంగడివీధికి పేరయ్యాడు. విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

పాయెస్, నూనిజ్ రాతలు చాలాకాలం పారిస్ గ్రంథాలయంలో ఉండిపోయాయి. డేవిడ్ లోపెష్ 1897లో లిస్బన్‌లో అచ్చు వేయించాడు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన రాబర్ట్ సీవెల్ 1900లో వాటిని ఇంగ్లీషు చేసి తన విజయనగర చరిత్రలో చేర్చాడు.

పరాయి ఊరి బజారులో తిరిగి రాసే అలవాటు పాశ్చాత్యులదే అనుకోవద్దు. 1443లో హిరాత్ నుంచి వచ్చిన రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరంలో గులాబీల అంగళ్ళు చూసి, అన్నం లాగే ఈ ఊరివాళ్ళకు పువ్వు కూడా అవసరమే అన్నాడు. తనకు రోజూ అందే గొర్రెలు, కోళ్ళు, బియ్యం, వెన్న, చక్కెర లెక్క కూడా రాసుకున్నాడు. మనవాళ్ళలో ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, వెలికొండలకు అవతలి పక్కన కడప దారిన కాశీకి పోయి, తూర్పు తీరం వెంబడి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకు పోయినవాడు కనుక ప్రతి మజిలీలో సరుకులు దొరుకుతాయా, అంగళ్ళున్నాయా, నీళ్ళున్నాయా అని చూడక తప్పలేదు. చూసిందల్లా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు రాశాడు. అదే 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’. రైలు లేని కాలంలో మజిలీ మజిలీకీ సరుకు ఎలా మారిందో తెలుసుకోవడానికి తెలుగులో దానికి సాటి లేదు.

మన పల్లెల సంతల గురించి ఇలాంటి పుస్తకం మనకు లేదు. సొంత ఊరి ధర ఎవరూ రాసుకోరు, అందరికీ తెలిసిందే కదా అనుకుంటారు. ఉదయగిరి, ఆత్మకూరు, అనంతసాగరం పల్లెల నుంచి ఈనాడు కువైట్‌కు, సౌదీకి పోయి బతుకుతున్నవాళ్ళున్నారు. వంటమనుషులుగా, డ్రైవర్లుగా అక్కడి అంగళ్ళకు పోయి సరుకు కొనేది వాళ్ళే. ఖర్జూరం ఎన్ని రకాలు, చేప ఏ పొద్దులో చౌక, చింతపండూ కరివేపాకూ ఏ వీధిలో దొరుకుతాయి, ఎంతకిస్తారు అన్నది వాళ్ళకు తెలిసినంతగా ఏ పండితుడికీ తెలియదు.

వాళ్ళకూ, వాళ్ళ ఇళ్ళలో చదువుకుంటున్న పిల్లలకూ నా మనవి. ఫోన్ చేసినప్పుడు బజారు సంగతులు అడగండి. చెప్పినవి తేదీ వేసి, ధర వేసి, తూకం వేసి ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాయండి. దాని పక్క పేజీలోనే మన ఊరి సంతలో ఆ వారం వంకాయ, ఉలవలు, నాటుకోడి ధరలు కూడా రాయండి.