జగిత్యాల నుంచి నాంపల్లి దాకా: మానవ హక్కుల కమిషన్ కథ

కొంచెం పెద్ద పోస్టు. ఇప్పుడు తీరిక లేనోళ్లు దాచుకొని రాత్రి భోజనాలయినంక చదవండి.

మానవ హక్కుల కమిషన్ పేరు ఎత్తంగనే మనోళ్లు రెండు తీర్ల మాట్లాడతారు. కొందరికి అది పెద్ద కోర్టు, ఒక్క కాగితం రాస్తే అధికారులు ఉరికొస్తారు. ఇంకొందరికి అది కోరలు తీసిన పాము. కోరుట్లలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న మేము నలుగురం ఈ సంగతి తేల్చుకుందామని రెండు నెలలుగా దొరికినవన్నీ చదివినం. మా ఇండ్లల్లో మాకు ముందు కాలేజీ మెట్లెక్కినోళ్లు లేరు, అందుకే ఇట్లాంటివి ఇంట్లో అడిగి తెలుసుకునే వీలు లేదు. చదివినంక అర్థమైందేందంటే, ఈ కథ ఢిల్లీలో మొదలుకాలేదు. సగం మన దగ్గరనే మొదలైంది.

1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల పెద్ద ఊరేగింపు జరిగింది. జైత్రయాత్ర అని పెద్దోళ్లు ఇప్పటికీ చెప్తారు. వెట్టి చెయ్యం, దొరలు పట్టుకున్న బంజరు భూములు వదలాలి అన్నది వాళ్ల మాట. మాట వినని దొరలకు ఊర్లు పనులు బంద్ పెట్టినయి. రెండు నెలలు తిరగకముందే, అక్టోబర్‌లో, ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దానికి వాడిన చట్టం 1948 నాటిది. గుమిగూడొద్దన్న ఆజ్ఞ దాటినోళ్ల మీద, హెచ్చరించి కాల్పులు జరిపే అధికారం ఎస్సైకి కూడా ఇస్తది.

అట్లాంటి రోజుల్లో ఒక మనిషిని పోలీసులు పట్టుకపోతే ఎవరిని అడగాలె? కమిషన్లు లేవని కాదు. ఎమర్జెన్సీలో, 1975 జులైలో, గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన్రు. అది ఎన్‌కౌంటర్ కాదని తార్కుండే కమిటీ తేల్చినంక, 1977లో ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. కొన్నాళ్లు విచారణ బహిరంగంగా నడిచింది, సాక్షులు వచ్చి చెప్పిన్రు. తర్వాత తలుపులు మూసి రహస్యంగా జరపాలన్నరు. పౌరహక్కుల తరఫున వాదించేవాళ్లు బయటికొచ్చిన్రు. ఆ కమిషన్ పని అక్కడితో ఆగిపోయింది. ప్రభుత్వం వేసిన కమిషన్‌ను ప్రభుత్వమే ఎట్ల ఆపగలదో మనకు అప్పుడే తెలిసింది.

అందుకే అప్పట్లో ఆ పని చేసింది సర్కారు ముద్ర లేని మనుషులు. 1974లో పుట్టిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం వాళ్లు ఊర్లకు పోయి, అడిగి, రాసుకొని, అచ్చేసేటోళ్లు. వాళ్లలో వకీళ్లున్నరు, డాక్టర్లున్నరు, సార్లున్నరు. ఆ పనికి వాళ్లు ఇచ్చుకున్న ధర చిన్నది కాదు. 1985లోనే జగిత్యాలలో న్యాయవాది గోపి రాజన్నను, వరంగల్‌లో పిల్లల డాక్టర్ రామనాథంను చంపిన్రు. మన జిల్లా పిల్లలకు ఎవరి పేర్లు తెలిసినా తెలవకున్నా ఈ రెండు పేర్లు తెలవాలని మా అభిప్రాయం. ఏ పాఠ్యపుస్తకంలోనూ మాకు అవి కనపడలేదు.

ఇక చట్టం సంగతి. 1993 సెప్టెంబర్ 28న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, అక్టోబర్ 12న జాతీయ మానవ హక్కుల కమిషన్ ఏర్పడింది. అప్పుడు కశ్మీర్, పంజాబ్ సంగతులపై బయటి దేశాలు మనల్ని నిలదీస్తున్నయి. అదే ఏడాది డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి, ఇట్లాంటి కమిషన్లు ఎట్లుండాలో చెప్పే పారిస్ సూత్రాలను ఆమోదించింది. అంటే పేదోడి మీద ప్రేమతోనే పుట్టిందనుకోవద్దు. కానీ పుట్టినంక ఏమైందన్నది వేరే ముచ్చట.

అది పుట్టీ పుట్టంగనే దాని గడప తొక్కింది మన పౌరహక్కుల సంఘమే. ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్ల మీద ఫిర్యాదు పెట్టింది. 1996 నవంబర్ 5న కమిషన్ ఆర్డర్ ఇచ్చింది. ఇది కొంచెం నిదానంగా చదవాలె. అప్పటి పద్ధతి ఏందంటే, ఎన్‌కౌంటర్ అయినంక పోలీసులు స్టేషన్‌కొచ్చి, చనిపోయినోడే తమ మీద హత్యాయత్నం చేసిండని కేసు రాసేటోళ్లు. నిందితుడు చనిపోయిండు కాబట్టి కేసు మూత. చంపిందెవరు, ఎందుకు అన్న ప్రశ్న కాగితం మీదికే రాదు! సచ్చినోడు ముద్దాయి, చంపినోడు ఫిర్యాదుదారు. కమిషన్ దీన్ని తప్పుబట్టింది. ఒక మనిషి పోలీసుల చేతిలో చనిపోయిండంటే అది నేరమేమో అన్న అనుమానానికి చాలు, దర్యాప్తు చెయ్యాల్సిందే, అదీ అదే స్టేషన్ వాళ్లు కాకుండా సీఐడీ లాంటి వేరే సంస్థ చెయ్యాలె అన్నది. 1997 మార్చి 29న కమిషన్ ఛైర్మన్ జస్టిస్ వెంకటాచలయ్య ఇదే పద్ధతి పాటించాలని అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఉత్తరాలు రాసిండు. 2014లో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ వేరే సంస్థ దర్యాప్తు అన్న మాట ఉంది.

దాంతో ఎన్‌కౌంటర్లు ఆగినయా అంటే, లేదు. కానీ దేశమంతా అడిగే ఒక ప్రశ్నను మన ప్రాంతపు కేసులు తయారుచేసినయి. కోరలు తీసిన పాము అనేటోళ్లు ఇది ఒక్కసారి చదవాలె.

రాష్ట్ర కమిషన్ మాత్రం మనకు ఆలస్యంగా వచ్చింది. రాష్ట్రాలు కమిషన్ పెట్టుకోవచ్చు అని చట్టం అన్నది గానీ పెట్టుకోవాల్సిందే అనలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో, జస్టిస్ సుభాషణ్ రెడ్డి ఛైర్మన్‌గా మొదలైంది. అంటే చట్టం వచ్చిన 12 ఏండ్లకు. రాష్ట్రం విడిపోయినంక తెలంగాణకు సొంత ఛైర్మన్, సభ్యులు వచ్చింది 2019 డిసెంబర్‌లో, జస్టిస్ చంద్రయ్యతో. ఆ ఏడాదే చట్టం మార్చి పదవీకాలాన్ని ఐదేండ్ల నుంచి మూడేండ్లకు తగ్గించిన్రు. 2022 డిసెంబర్‌లో వాళ్ల గడువు అయిపోయింది. తర్వాత కుర్చీలు 2025 ఏప్రిల్ దాకా ఖాళీ. అప్పుడు జస్టిస్ షమీమ్ అక్తర్ ఛైర్మన్‌గా వచ్చిండు. ఖాళీ అయిన మూడు నెలల్లో నింపాలని సుప్రీంకోర్టు డి.కె. బసు కేసులో 2015లోనే చెప్పింది. ఇక్కడ పట్టింది రెండేండ్ల మీద.

ఇందులో మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది సెక్షన్ 36(2). ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారించొద్దు అని అందులో ఉంది. కుర్చీ ఖాళీగా ఉన్న రోజులను ఆ ఏడాదిలోంచి తీసెయ్యాలని చట్టంలో ఎక్కడా లేదు. అంటే 2023 జనవరిలో దెబ్బలు తిన్నోడి ఏడాది 2024 జనవరితో అయిపోతది, వినేటోళ్లు ఉన్నా లేకున్నా. గడియారం పేదోడికి మాత్రమే తిరుగుతది. ప్రభుత్వానికి తిరగదు.

ఇంకో పరిమితి మన ప్రాంతపోళ్లకు బాగా తెలవాల్సింది. రాష్ట్ర కమిషన్, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితాలోని విషయాలనే చూడగలదు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు ఎన్ని ఇండ్లు గల్ఫ్ మీద బతుకుతున్నయో చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు, వలస, విదేశాంగం కేంద్రం చేతిలోవి. అట్లాంటివి ఢిల్లీలోని జాతీయ కమిషన్‌కే రాసుకోవాలె. లాకప్పు, దవాఖాన, రాష్ట్ర హాస్టళ్లు ఇక్కడి కమిషన్ చూడగలదు. సాక్షులను పిలిపించడానికి, కాగితాలు తెప్పించడానికి సివిల్ కోర్టుకున్న అధికారాలు దానికున్నయి. చివరికి మాత్రం సిఫారసే, తీర్పు కాదు. ప్రభుత్వం కాదంటే హైకోర్టుకు పోవాలె. 2017లో సిరిసిల్ల జిల్లా నేరెళ్లలో, ఇసుక లారీల గొడవ తర్వాత దళిత, బీసీ యువకులను పోలీసులు చిత్రహింసలు పెట్టిన్రన్న ఆరోపణలొచ్చినప్పుడు కూడా సంగతి హైకోర్టు దాకా పోయింది.

ఇదంతా మేము ఊరికే చదవలేదు. మా దగ్గర ఒక దరఖాస్తు రాసి ఉంది. ఏ హాస్టల్, ఎవరి మీద అన్నది ఇక్కడ రాయం. నీళ్ల సంగతి, జ్వరాలొచ్చిన పిల్లల సంగతి. పదిహేను మందిమి రాసినం గానీ సంతకం పెట్టింది ఆరుగురే. మిగిలినోళ్లను మేము తప్పుపట్టం. సీటు పోతే ఇంటికి పోయి గొర్లు కాయాలె, లేకపోతే పత్తి ఏరాలె. ఆ భయం మాకూ ఉంది. నాన్నలు ఇప్పటికీ ఫోన్ చేసి "సార్లతోని లొల్లి పెట్టుకోకుండ్రి బిడ్డా" అంటారు. వాళ్ల వయసులో జగిత్యాల, సిరిసిల్ల ఎట్లుండెనో చదివినంక ఆ మాటకు మాకు కోపం రావట్లేదు.

జ్వరాలు మొదలైన తేదీ నుంచి ఏడాది లెక్క కట్టుకొని, సంతకాల కోసం ఎదురుచూడకుండా ఆరుగురి పేర్ల మీదనే పంపుతున్నం.

ఎవరైనా రాయాలనుకుంటే ఇవి గుర్తుంచుకోండి. తెలుగులో రాయొచ్చు, తెల్లకాగితం చాలు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఏమైంది, ఎప్పుడైంది, ఎక్కడైంది, ఎవరికైంది. తేదీ తప్పకుండా ఉండాలె. అదే విషయం కోర్టులో నడుస్తుంటే ఆ మాట దాచొద్దు. ఒక జిరాక్స్, పోస్టు రసీదు మీ దగ్గర పెట్టుకోండి. అడ్రస్: తెలంగాణ రాష్ట్ర మానవ హక్కుల కమిషన్, గృహకల్ప కాంప్లెక్స్, ఎం.జె. రోడ్, నాంపల్లి, హైదరాబాద్. కోరుట్ల నుంచి స్వయంగా పోయి ఇచ్చేటోళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మా కాగితం కూడా పంపుతం.